కాదన్న ప్యాకరే కావాలి

ఈ మధ్య చిరుధాన్యాల బ్రాండ్లు పెట్టినవాళ్లు, సేంద్రియ పసుపు, కారం అమ్ముదామనుకుంటున్నవాళ్లు ఒకే మాట అంటున్నారు: సరుకు ఆడించి పొట్లాలు కట్టిపెట్టే, సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న ప్యాకర్ దొరకడం లేదు, దొరికినవాడు చిన్న ఆర్డరు ముట్టుకోవడం లేదు. వంద కిలోల కొర్రబియ్యం పట్టుకెళితే టన్నుల్లో తెమ్మంటున్నాడట. చిన్నవాళ్లకు నిబంధనలు సడలించాలన్న డిమాండు ఈ వారం మళ్లీ వినిపించింది. వినగానే సబబుగానే తోస్తుంది. పైగా ఈ కాలమ్ చదివేవారికి నా పాత అనుమానం తెలుసు: పొట్లం ముందువైపు ఒకరి పేరు, వెనకవైపు మరొకరి చిరునామా ఉంటే ఆ సరుకుకు జవాబుదారీ ఎవరని అడుగుతూనే ఉన్నాను. అయితే ప్యాకర్ ఎందుకు కాదంటున్నాడో లెక్కలోకి దిగి చూస్తే నా సానుభూతి బ్రాండ్ల నుంచి ప్యాకర్ వైపు మళ్లింది.

మన దేశంలో సేంద్రియమని చెప్పి ఆహారం అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ధ్రువీకరణ ఉండాలి. చిన్న రైతులు నేరుగా వినియోగదారుకు అమ్ముకునేచోట మాత్రం మినహాయింపు ఇచ్చారు. ధ్రువీకరణకు దారులు రెండు. ఒకటి వ్యవసాయ ఎగుమతుల సంస్థ ఎపెడా నడిపే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ఎన్‌పీవోపీ, రెండోది రైతు బృందాలు ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించుకునే పీజీఎస్. బ్రాండ్లు తరచు బోల్తా పడేది ఇక్కడే. పీజీఎస్ బృందం దగ్గర సరుకు కొని ఎన్‌పీవోపీ ప్యాకర్ గుమ్మం తొక్కుతారు. ఆ సరుకును అతను తన సేంద్రియ లాటుగా తీసుకోలేడు. ప్రకృతి వ్యవసాయంలో పండిందన్న మాటా అక్కడ చెల్లదు. సర్టిఫికెట్ ప్యాకర్ షెడ్డుకు ఇచ్చిన మెచ్చుకోలు పత్రం కూడా కాదు. అతని స్కోప్ సర్టిఫికెట్‌లో ఏ ఉత్పత్తులున్నాయో వాటికే అది వర్తిస్తుంది. రాగి పిండికి సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పసుపు పొడి పట్టడానికి వీల్లేదు. సరుకు ఒక చేతి నుంచి మరో చేతికి మారినప్పుడు ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ కావాలి. లోపలికి ఎంత కొర్ర వచ్చింది, పొట్టు, తవుడు, నూక ఎంత పోయాయి, బియ్యం ఎంత బయటికెళ్లింది అన్న లెక్క కుదరాలి. వచ్చినదానికంటే ఎక్కువ పొట్లాలు బయటికెళితే మామూలు సరుకు కలిసినట్టే. ఈ లెక్కే మొత్తం వ్యవస్థకు వెన్నెముక అని నా నమ్మకం.

ల్యాబులో అవశేషాల పరీక్ష చేయిస్తే చాలదా, ఇన్ని కాగితాలెందుకని అడిగేవారున్నారు. చాలదు. పురుగుమందుల పరీక్ష మందు ఆనవాలు పట్టుకుంటుంది, అదీ తీసిన నమూనాలో. యూరియా చల్లి పండించి మందు కొట్టని ధాన్యం ఆ పరీక్షలో హాయిగా నెగ్గుతుంది. సేంద్రియమన్నది గింజలో కనిపించే గుణం కాదు, గింజ నడిచివచ్చిన దారి. ఏకవార్షిక పంటలకు రైతు రెండేళ్ల మార్పిడి కాలం భరించి ఆ దారి వేస్తాడు. ప్యాకర్ దగ్గర ఒక్క పొరపాటు జరిగితే, ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టు, ఆ కష్టమంతా వృథా.

ఆ పొరపాట్లు ఊహించి చెబుతున్నవి కావు. ధాన్యం గోడౌన్లలో పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టడం మామూలే. సేంద్రియ సరుకుకు అది నిషిద్ధం. 2020లో మన దేశం నుంచి యూరప్ వెళ్లిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ బయటపడి, అక్కడి దుకాణాల నుంచి సరుకు వెనక్కి తీయాల్సి వచ్చింది. అది పొలంలో కొట్టే మందు కాదు. పంట చేతికొచ్చాక సూక్ష్మజీవులను చంపడానికి పట్టించే వాయువు. ఇక పల్వరైజర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మామూలు కారం ఆడిన యంత్రంలో సేంద్రియ కారం ఆడాలంటే జల్లెడలు, గొట్టాలు, తొట్టి అన్నీ శుభ్రం చేయాలి, కొంత సేంద్రియ సరుకు పోసి ఆడించాలి, ఆ మొదటి పిండిని మామూలు సరుకుగా పక్కన పెట్టాలి, ఇదంతా రిజిస్టరులో రాయాలి. ఈ ఖర్చు వంద కిలోలకూ అంతే, రెండు టన్నులకూ అంతే. కనీస ఆర్డరు పెద్దదిగా ఉండడానికి ముఖ్య కారణం ఇదే. వంద కిలోలు చాలు, రేపే తెచ్చుకోండి అనే ప్యాకర్ యంత్రం కడుగుతున్నాడా, కడిగితే ఆ ఖర్చు ఎవరు మోస్తున్నారన్నది తేలాలి. సక్రమంగా నడిచే రెండు చిరునామాల పొట్లాన్ని, అందరూ ఎవరి షెడ్డులో వాళ్లు కట్టుకునే పొట్లం కంటే ఎక్కువ నమ్మాలని ఇప్పుడు నాకనిపిస్తోంది. రోజూ ఇదే పని చేసేవాడి రిజిస్టరు తనిఖీకి నిలబడుతుంది.

అయితే చిన్న బ్రాండ్లు చావాలా, పెద్ద కంపెనీలే మిగలాలా అన్న అభ్యంతరం బలమైనదే. జవాబు సడలింపు మాత్రం కాదు, సరుకు కలుపుకోవడం. ఒకే రైతు సంఘం కొర్ర కొనే నాలుగు బ్రాండ్లు ఒకే లాటుగా, ఒకే రోజు ఆడించుకుని ఎవరి పౌచుల్లో వాళ్లు నింపించుకోవచ్చు. యంత్రం కడిగేది ఒక్కసారే. అప్పుడు మా సరుకుకూ వాళ్ల సరుకుకూ తేడా ఏమిటంటారా? గింజలో తేడా ఉండదు, ఉన్నట్టు చెప్పకూడదు కూడా. ఇంకో దారి రైతుల సహకార సంఘాలు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో టింబక్టు కలెక్టివ్ ప్రోత్సాహంతో పుట్టిన ధరణి సహకార సంఘం తన రైతుల పంట కొని, శుద్ధిచేసి, తానే అమ్ముతోంది. అలాంటి సంఘానికి సర్టిఫికెట్, యంత్రాలు రెండూ ఉన్నచోట బయటి ప్యాకర్ కోసం తిరిగే పనే తప్పుతుంది.

ఇప్పుడు చాలామంది ముందు పౌచ్ డిజైన్ చేయించుకుని, తర్వాత ధాన్యం కొని, చివరికి ప్యాకర్ కోసం వెతుకుతున్నారు. ఖరీఫ్ కొర్ర కోతకు రాకముందే ప్యాకర్‌తో మాట్లాడుకుని, అతని స్కోప్ సర్టిఫికెట్‌లో కొర్ర ఉందో లేదో, గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని, లేకపోతే చేర్పించుకుని, అతను తీసుకోగల సర్టిఫికెట్ ఉన్న రైతుల దగ్గరే కొనాలి. పౌచ్ అచ్చుకు ఇవ్వడం ఆ తర్వాతి పని.