ఆకాశం సరే, అరుగేదీ?

గోపన్‌పల్లిలో కొత్తగా కాపురం పెట్టినవాళ్ళని "మీ ఇల్లెక్కడండీ?" అని అడిగి చూడండి. వీధి పేరు చెప్పరు. టవరు పేరు, అంతస్తు నంబరు చెబుతారు. పాపం, వాళ్ళ తప్పేం వుంది! 2006లో జీవో 86 వచ్చాక స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు హైదరాబాదులో పోయింది. రోడ్డు వెడల్పూ, చుట్టూ వదిలిన ఖాళీ సరిపోతే ఎంతెత్తయినా లేపుకోవచ్చు. పక్కన కోకాపేటలో యాభై అంతస్తులు దాటిపోయాయి కూడా.

ఊరు ఇటు లేస్తూంటే అటు ఆబిడ్సు, కోఠీ వెలవెలబోతున్నాయని అందరం అనుకుంటున్నదే. అక్కడా ఓ ఆకాశహర్మ్యం కట్టేస్తే పాత కళ తిరిగొస్తుంది కదా అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఈ వైద్యం మీద నమ్మకం లేదు. ఆ మందు ఆ పేటకి ఇదివరకే ఓ మోతాదు పడింది మరి!

నాంపల్లి నుంచి మొజంజాహీ మార్కెట్‌కి వెళ్ళే రోడ్డు మీద గగన్‌విహార్, చంద్రవిహార్ చూసే వుంటారు. హౌసింగ్ బోర్డువారి ఎత్తు మేడలు. పేర్లు ఎంత కవిత్వంగా వున్నాయో చూడండి! లోపల మాత్రం ఆఫీసులు. పనున్నవాళ్ళు లిఫ్టెక్కుతారు, పనయ్యాక దిగిపోతారు. పనిలేనివాళ్ళని కాసేపు నిలబడమనే గుణం ఆ మేడలకి లేదు.

కూతవేటు దూరంలోనే మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం. గడియారపు బురుజు తప్పిస్తే పెద్ద ఎత్తేమీ కాదు. కమానుల కింద కొట్లు, మధ్యలో ఆవరణ. పళ్ళ టోకు వ్యాపారం కొత్తపేటకి తరలిపోయాక బాగా నీరసించిపోయింది. 2020 ఆగస్టులో బాగుచేసి మళ్ళీ తెరిచారు. ఒక్క అంతస్తు పెంచలేదండీ! అడ్డంపడ్డ రేకులూ బోర్డులూ తీసి, రాయి కడిగి, మనిషి నిలబడడానికి చోటిచ్చారు, అంతే. ఇప్పుడు సాయంత్రం పిల్లల్ని తీసుకుని ఐస్‌క్రీముకి వెళ్ళిన ఇల్లాలు ఓ అరగంట హాయిగా అక్కడే గడిపి రావచ్చు.

పారిస్‌వాళ్ళూ ఈ సరదా తీర్చుకున్నారు. పాత రైల్వే స్టేషను పేటని ఆధునికం చేస్తామని 1973లో 210 మీటర్ల మోంపర్నాస్ టవరు లేపారు. ఆ టవరు మీంచి ఊరు మహా అందంగా వుంటుందట. కారణం, అక్కణ్ణుంచి ఆ టవరు కనిపించదు గనక అని ఆ ఊరివాళ్ళ వేళాకోళం! నాలుగేళ్ళు తిరక్కుండానే నగరంలో 37 మీటర్లు మించరాదని హద్దు పెట్టుకున్నారు.

ఎత్తుమేడల మీద నాకేం కోపం లేదు. పధ్నాలుగో అంతస్తులో గాలి ధారాళంగా వస్తుంది, దోమలు తక్కువ. కొత్తగా ఊరు వెలిసేచోట వాటి సౌకర్యం వాటిది. పాత బజారు సంగతి వేరు. చీర అంచుకి మేచింగు వెతుక్కుంటూ పది కొట్లు తిరిగే ఆడవాళ్ళ మీద బతికే చోటది. వాళ్ళకి కావలసింది నీడ, స్కూటర్లు ఎక్కని కాలిబాట, శుభ్రమైన మరుగుదొడ్డి, కాసేపు చతికిలబడేందుకు ఓ అరుగు. ఇవన్నీ నేలమీద పనులు. కొత్త మేడలో నేలమీద ఏముంటుందీ? కారు పార్కింగూ, గేటూ, "ఎవరు కావాలి?" అనే వాచ్‌మనూ!

ఎవరైనా ఆబిడ్సుకి అరవై అంతస్తుల ప్లాను పట్టుకొస్తే ఒక్కటి అడగండి. ఆదివారం మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారే, ఆ కాలిబాట కాగితం మీద ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనండి.