ఆంగ్లమున ‘బేర్’ క్రియ: అర్థవ్యుత్పత్తి విచారము

ఆంగ్లమున ‘బేర్’ అను క్రియకు మోయుట, సహించుట, బిడ్డను గనుట, ఫలించుట మున్నగు పెక్కర్థములు కలవు. ఇవి పరస్పరసంబంధము లేని నానార్థములని బోధించుట సమంజసము కాదు. మూలార్థము మోయుట యొక్కటియే. గర్భమును మోయుట ప్రసవార్థమునకును, చెట్టు కాయలను మోయుట ఫలనార్థమునకును, దుఃఖమును మోయుట సహనార్థమునకును దారితీసినవి. మన దేశమునఁ బల్లకి మోయువానికిఁ జెల్లిన ‘బేరరు’ శబ్దము పిదప పరిచారకునకుఁ జెల్లుటయు నిట్టిదే.

ఈ క్రియయొక్క నిష్ఠారూపము ‘బోర్న్’ రెండు విధముల వ్రాయఁబడును. పుట్టెననునపుడు తుది యక్షరము లేదు. మోయఁబడెననునపుడును, తల్లి కర్తయై బిడ్డను గనెననునపుడును గలదు. ఉచ్చారణమున భేదము లేదు. ఈ లేఖనభేదము 18వ శతాబ్దము చివరనే స్థిరపడినది కావున దీనినిబట్టి ధాతువులు రెండని యూహింపరాదు.

ప్రాచీనాంగ్లమున దీని రూపము ‘బెరన్’. గ్రీకు లాటిను భాషలలోని ‘ఫెరో’యు, పాణినీయ ధాతుపాఠమున భ్వాది జుహోత్యాదిగణములందుఁ బఠింపఁబడిన ‘భృఞ్’ ధాతువును దీనికి జ్ఞాతులు. పదాదియందలి సంస్కృత భకారమునకు ఆంగ్లమున బకారము వచ్చుట నియతము: భ్రాతృ, బ్రదర్, భ్రూ, బ్రౌ. ఈ వర్ణనియమమును 1822లో యాకోబ్ గ్రిమ్ వివరించెను.

ఇంతమాత్రమున ఆంగ్లధాతువు సంస్కృతజన్యమనుట తొందరపాటు. సంస్కృతము, గ్రీకు, లాటిను ఏకమూలమునుండి పుట్టినవనియు, ఆ మూలభాష నశించి యుండవచ్చుననియు విలియం జోన్స్ 1786లోనే చెప్పెను. కావున భృఞ్, బేర్ అనునవి సోదరములు, జన్యజనకములు కావు.

ధ్వనిసామ్యము ప్రమాణము కాదు. ఎలుఁగుబంటికి ఆంగ్లమునఁ గల పేరును ‘బేర్’ అనియే పలుకఁబడును గాని దాని మూలము వేఱు. అర్థసామ్యమును ప్రమాణము కాదు. తెలుఁగువారును నవమాసములు మోయుదురు, నిందలు మోయుదురు; అయినను ‘మోయు’ ధాతువు ఈ వంశమునకుఁ జెందదు. తెలుఁగు సంస్కృతజన్యము కాదని ఎల్లిస్ 1816లో క్యాంబెల్ వ్యాకరణముయొక్క పీఠికకు వ్రాసిన టిప్పణియందు నిరూపించెను. నియతమైన వర్ణపరిణామమే జ్ఞాతిత్వమునకుఁ బ్రమాణము.

‘బేర్’ అనఁగా భరించుటయని చెప్పు నుపాధ్యాయుఁడు సంస్కృతమునుండి తెలుఁగునకు వచ్చిన జ్ఞాతిపదముతోనే యర్థము చెప్పుచున్నాఁడు; మోయుటయని చెప్పువాఁడు దేశ్యపదముతోఁ జెప్పుచున్నాఁడు. రెండును సరియైన యర్థములే. వ్యుత్పత్తికి మొదటిది మాత్రమే సాక్షి.