ప్రసార క్రియలు – అనువాదకుని విచక్షణ

ఒక భాషలోని నామవాచకములను మరియొక భాషలోనికి తెచ్చుట అంత కష్టము కాదు. రేడియో, రికార్డు, టెలివిజన్ అను మాటలు వస్తువులతో పాటే వచ్చి భారతీయ భాషలన్నిటను నిలిచిపోయినవి. క్రియలు అట్లు రావు. కొత్త వస్తువునకు ప్రతి భాషయు తన పాత క్రియనే వెదకి తగిలించును. హిందీ కథలను, నవలలను తెలుగు చేయువారికి చిక్కు వచ్చునది అక్కడనే.

హిందీలో బజానా అను క్రియ వాద్య శబ్దము నుండి పుట్టినది. సితారుకు, గంటకు, గ్రామఫోను రికార్డుకు అది ఒక్కటే చెల్లును. తెలుగులో వీణను వాయింతురు, గంటను మ్రోగింతురు, రికార్డును మాత్రము వేయుదురు, లేదా పెట్టుదురు. హిందీ నవలలోని పాత్ర రికార్డు వాయించినదని వ్రాసినచో తెలుగు పాఠకుడు ఆమె చేతిలో వాద్యమును వెదకును. హిందీలోనే గల లగానా అను క్రియ మన పెట్టుటకు దగ్గర. స్పానిష్ భాషయు ఈ విషయమున తెలుగునకు చుట్టమే. ఆ భాషలో గిటారుకు వాడు తోకార్ అను క్రియకు తాకుట అను అర్థము కూడ కలదు. పాటకు, టెలివిజనుకు వాడునది పోనేర్, అనగా పెట్టుట. ఇంగ్లీషు మాత్రము పిల్లవానికి, వైణికునికి, యంత్రమునకు ప్లే అను ఒక్క మాటతోనే సరిపెట్టుకొన్నది. నేడు ప్లే చేయుట తెలుగులోనికి కూడ వచ్చినది. పాత కథల అనువాదములో అది కాలమునకు పొసగదు.

నాటకమును తెలుగువారు ఆడుదురు, హిందీవారును ఖేల్నా అందురు. చలనచిత్రమునకు వచ్చునప్పటికి హిందీ ఆ ఆటను విడిచి లగ్నా, చల్నా అన్నది. తెలుగున సినిమా నేటికిని ఆడుచునే యున్నది. గానుగ ఆడును అన్నట్లు యంత్రపు కదలికను కూడ ఆ క్రియ చెప్పగలుగుట దానికి బలమై యుండవచ్చును.

ఢిల్లీ రేడియో కేంద్రము 1936 జనవరి 1న ప్రారంభమైనది. 1959 సెప్టెంబరు 15న ఆ నగరముననే టెలివిజన్ ప్రసారము మొదలైనది. దశాబ్దముల పాటు అక్కడి నుండి హిందీ వార్తలతో పాటు తెలుగు వార్తలును వెలువడినవి. హిందీలో ఆరంభ వాక్యము శ్రోతనుద్దేశించి సమాచార్ సునియే అనును. తెలుగు వాక్యము వార్తలు చదువుతున్నది అని, వెంటనే చదువరి పేరు చెప్పును. ఒకచోట కర్త వినువాడు, మరియొకచోట చదువువాడు.

హిందీ కథలో రేడియో వాక్యము వచ్చినప్పుడు ఏది వ్రాయవలెను? అది కేవలము వేళను సూచించుటకు వచ్చినదైతే తెలుగు శ్రోత చెవికి అలవాటైన వాక్యమే తగును. ఇంటివారందరు యుద్ధవార్తకై ఎదురుచూచు ఘట్టమున వినుడను పిలుపే ప్రాణము. దానిని మార్చినచో ఉత్కంఠ నశించును. నిఘంటువు ఈ భేదమును చెప్పజాలదు.

బ్రాడ్‌కాస్ట్ అను ఇంగ్లీషు మాట మొదట విత్తులు చల్లుటకు వాడినది. తెలుగులో వెదజల్లుట సరిగా అదియే. అయినను మన రేడియో హిందీతో పాటు ప్రసారమను సంస్కృత పదమునే గ్రహించినది. ప్రకటనలకు, ప్రభుత్వ పత్రములకు ఆ పదము తగినదే. కథలోని గృహిణి మాత్రము పాటను ప్రసారము చేయదు, రేడియో పెట్టును. ఆ పెట్టుటను పెట్టుటగా ఉంచినప్పుడే హిందీ ఇల్లు తెలుగు పాఠకునికి ఇల్లుగా కనబడును.