గాయం మూసుకున్నంత మాత్రాన

కాలిన చోట టూత్‌పేస్టు గానీ సిరా గానీ పూస్తే బొబ్బ లేవదని చెప్పే సందేశాలు ఈ వారం మళ్ళీ ఫోన్లలో తిరగడం విచారకరం. కాలిన భాగాన్ని వెంటనే 20 నిమిషాల పాటు కుళాయి ధార కింద ఉంచాలన్న సంగతి ఈ శీర్షిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే పూతల వల్ల కలిగే పెద్ద నష్టం గాయం మానే రోజుల్లో బయటపడుతుంది. రంగు, వాసన, తడి అనే మూడు ఆనవాళ్లను బట్టి గాయం గతిని అంచనా వేయవలసి ఉండగా, పూత ఆ మూడింటినీ కప్పివేస్తుంది.

వైద్యచరిత్రలో ఈ పొరపాటు పెద్ద ఎత్తున జరిగింది. 1925లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ డేవిడ్‌సన్ కాలిన గాయాలకు టానిక్ ఆమ్లాన్ని సూచించాడు. తంగేడు పట్టలోనూ కరక్కాయలోనూ ఉండి, పచ్చితోలును పదును చేయడానికి పనికివచ్చే వగరు పదార్థాల కోవకు చెందినదే ఇది. దీన్ని పూస్తే గాయం మీద గోధుమరంగు పెచ్చు గట్టిగా కట్టి, నీరు కారడం తగ్గి, పైకి అంతా పొడిగా, శుభ్రంగా కనిపించేది. లోపల చీము పట్టినా ఆ సంగతి ఆలస్యంగా గాని తెలిసేది కాదు. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో కాలిన విమానచోదకుల వేళ్లు ఆ పెచ్చు కింద బిగుసుకుపోవడం గమనించిన శస్త్రవైద్యుడు ఆర్చిబాల్డ్ మెకిండో, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో చేతులకూ ముఖానికీ ఆ పూతను మాన్పించి, మెత్తని కట్లతోనూ గోరువెచ్చని ఉప్పునీటి స్నానాలతోనూ చికిత్స చేశాడు.

ఈ చరిత్ర చదివినవారికి, గాయాన్ని మరుగుపరచకుండా జాగ్రత్తగా చూసుకుంటే చాలుననిపిస్తుంది. ఆ చూడటంలోనూ నేర్పు కావాలి. మానే గాయం చుట్టూ మొదటి రోజుల్లో సన్నని ఎర్రటి అంచు ఉండటం సహజం. కట్టు మార్చేటప్పుడు ఆ అంచు వెంట పెన్నుతో గీత గీసి ఉంచితే, మరునాటికి ఎరుపు గీతను దాటిందో లేదో తెలిసిపోతుంది. దాటడమే కాక అక్కడి చర్మం వేడెక్కి గట్టిపడి, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరిగితే, సూక్ష్మజీవులు చుట్టుపక్కలకు పాకుతున్నాయన్నమాట. ఆకుపచ్చని స్రావం, దుర్వాసన తరచుగా సూడోమోనాస్ అనే సూక్ష్మజీవికి గుర్తులు. సిల్వర్ సల్ఫాడయజిన్ అనే తెల్లని మలాము వాడినప్పుడు పసుపుపచ్చగా పేరుకునే జిగురుపొరను చూసి చీము అని భ్రమపడే అవకాశమూ ఉంది. నొప్పి లేకపోవడాన్ని శుభసూచకంగా ఎంచరాదు. నరాల కొసలు సైతం కాలిపోయేంత లోతైన గాయంలో నొప్పి తెలియదు.

ఇంత శ్రద్ధగా చూసినా గాయంలో కనిపించని ఉపద్రవాలు ఉన్నాయి. పసిపిల్లల్లో చిన్న గాయం శుభ్రంగా ఉన్నప్పుడు కూడా, స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా వెలువరించే విషం రక్తంలో కలిసి, అరుదుగానైనా, టాక్సిక్ షాక్ అనే ప్రాణాంతక స్థితికి దారితీయవచ్చు; కాలిన కొద్ది రోజులకే హఠాత్తుగా జ్వరం, దద్దురు, వాంతులు, విరేచనాలు, మగత కనిపించడం దాని లక్షణం. ఇక మరికొన్ని ఉపద్రవాలు గాయం మూసుకున్నాకనే మొదలవుతాయి. మానడానికి 3 వారాలకు మించి పట్టిన చోట మచ్చ ఉబ్బి, ఎర్రబడి, దురదపెడుతుంది. మోచేయి, మెడ, వేళ్ల వంటి వంపుల్లో కొత్త చర్మం కుదించుకుపోయి కీలును వంచేస్తుంది. దీన్నే కాంట్రాక్చర్ అంటారు. నొప్పి పుట్టకుండా చేతిని మడిచి ఉంచుకునే సుఖకరమైన భంగిమే దీనికి తోడ్పడుతుంది. దశాబ్దాల తరువాత పాత మచ్చ మీద మానని పుండు పడితే, అది మార్జోలిన్ పుండు అనే క్యాన్సర్ కావచ్చు.

కాబట్టి చర్మం మూసుకోవడాన్ని స్వస్థతగా పరిగణించడం పొరపాటు. కాలిన పిల్లవాడికి జ్వరం వస్తే, గాయం ఎంత బాగున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. 2 వారాలకు గాయం మానే దారిలో పడకపోతే ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించాలి. కట్లు విప్పిన తరువాత కూడా కొన్ని నెలల పాటు, గాయమైన చోటి కీలును రోగి పూర్తిగా చాపగలుగుతున్నాడో లేదో ఇంటివారు రోజూ చూడాలి. బిగుతు మొదలైన తొలిరోజుల్లోనే వ్యాయామం, బద్దకట్టు మొదలుపెడితే చాలామందికి శస్త్రచికిత్స అవసరం తప్పుతుంది.