చెరసాలలో పుట్టిన కథ: ఇబ్నె సీనా ‘హయ్ బిన్ యఖ్జాన్’ – ఒక పరిశీలన

కష్టకాలంలో కలం పట్టిన రచయిత ముందు రెండు దారులుంటాయి. తనకు జరిగిన అన్యాయాన్ని ఉన్నదున్నట్లు వ్రాసి లోకాన్ని సాక్ష్యానికి పిలవటం మొదటిది. ఆ కష్టాన్ని దైవం పెట్టిన పరీక్షగా గ్రహించి, అందులోనుంచి ఇతరులకు పనికివచ్చే గుణపాఠాన్ని కథగా మలచటం రెండవది. రెండవ దారి ఉన్నతమైనదే. అయితే అందులో ఒక చిక్కు ఉంది. రచయిత బాధ నిజంగానే ఆత్మజ్ఞానంగా మారిందా, లేక నీతివాక్యాల చాటున దాగి కూర్చున్నదా అన్నది తేల్చటం సులభం కాదు. ఈ ప్రశ్నను పరిశీలించటానికి సుమారు వేయి సంవత్సరాల క్రితం ఒక కోటలో బందీగా ఉండి ఇబ్నె సీనా వ్రాసిన ‘హయ్ బిన్ యఖ్జాన్’ చక్కని ఆధారం.

ఇబ్నె సీనా (980–1037) పేరు వినగానే వైద్యమూ, తత్వశాస్త్రమూ గుర్తుకు వస్తాయి. ఆయన జీవితం మాత్రం గ్రంథాల మధ్య ప్రశాంతంగా గడిచినది కాదు. హమదాన్ పాలకుడు షమ్సుద్దౌలా వద్ద వజీరుగా ఉన్నప్పుడు సైనికులు తిరగబడి ఆయన ఇల్లు దోచుకున్నారు, ఆయనను చంపివేయాలని పట్టుబట్టారు. నలభై రోజులు ఒక మిత్రుని ఇంట తలదాచుకోవలసి వచ్చింది. పాలకునికి కడుపునొప్పి తిరగబెట్టినప్పుడు మళ్ళీ ఆయనే కావలసివచ్చాడు, వజీరు పదవీ తిరిగి వచ్చింది. 1021లో షమ్సుద్దౌలా మరణించాక ఆయన ఆ పదవిని నిరాకరించి, ఇస్ఫహాన్ పాలకుడు అలాఉద్దౌలాతో రహస్యంగా ఉత్తరాలు నడిపాడు. ఆ రోజులలో ఒక మందుల వర్తకుని ఇంట దాగి ఉండి, చేతిలో గ్రంథాలేవీ లేకుండానే రోజుకు యాభై పత్రాల చొప్పున ‘షిఫా’ రచన సాగించాడని శిష్యుడు జూజ్జానీ తెలిపాడు. ఆ ఉత్తరాల విషయమై తాజుల్ ముల్క్ నేరం మోపగా, ఆయనను పట్టుకొని ఫర్దజాన్ కోటలో నిర్బంధించారు. ఆ నిర్బంధం నాలుగు నెలలు సాగింది.

కోటలో అడుగుపెడుతూ, తిరిగి బయటపడటంపై సందేహం తెలిపే ఒక పద్యాన్ని ఆయన చెప్పినట్లు జూజ్జానీ వ్రాశాడు. అంటే ఆ మనిషికి భయం లేకపోలేదు. ఆ భయాన్ని ఆయన పద్యంలో చెప్పుకున్నాడు, కథలో చెప్పలేదు. ఆ నాలుగు నెలల్లో వెలువడిన రచనలు మూడు: ‘హిదాయా’, కడుపునొప్పి వ్యాధిని గురించిన వైద్య గ్రంథం, ‘హయ్ బిన్ యఖ్జాన్’. ఒకే గదిలో కూర్చొని శరీర వ్యాధికి కారణమూ చికిత్సా సూటిగా వ్రాసిన వైద్యుడు, ఆత్మ వ్యాధిని చెప్పటానికి కథను ఎన్నుకున్నాడు. తాను గ్రంథం వ్రాసిన ఆ కడుపునొప్పితోనే ఆయన తరువాత మరణించాడన్నది గమనించదగిన విషయం.

కథ చిన్నది. ఒక పట్టణవాసి తన సహచరులతో కలిసి దగ్గరలోని విహారస్థలానికి వెళ్తాడు. అక్కడ తేజస్సుగల ఒక వృద్ధుడు కనిపిస్తాడు. వయసు ఎంతో గడచినా ఆయనలో ముసలితనపు జాడ ఉండదు. ఆయన పేరు హయ్, తండ్రి పేరు యఖ్జాన్. సజీవుడు, మేల్కొన్నవాని కుమారుడు అని ఆ పేర్ల అర్థం. ఆయన స్వస్థలం బైతుల్ మఖ్దిస్, వృత్తి దేశసంచారం. ఆయన ఆ పట్టణవాసికి మొదట చెప్పే మాట ప్రయాణాన్ని గురించి కాదు, వెంట ఉన్న సహచరులను గురించి. ముందు నడిచేవాడు అబద్ధాల వార్తాహరుడు. కుడివైపు వాడు కోపిష్టి, ఎవరి మాటా వినడు. ఎడమవైపు వాడు తిండిపోతు, కోరికలకు దాసుడు. వీరు కల్పన, క్రోధం, కామం అన్న శక్తులకు సంకేతాలు. వీరిని పూర్తిగా వదిలించుకోవటం ఇప్పట్లో సాధ్యం కాదని, అదుపులో ఉంచుకోవటమే మార్గమని వృద్ధుడు హెచ్చరిస్తాడు. ఆపైన సూర్యుడు అస్తమించే పడమటి చీకటి దేశాలను, వెలుగు పుట్టే తూర్పు దేశాలను వర్ణించి, చివరకు సమస్తానికీ ప్రభువైన చక్రవర్తి ప్రస్తావన తెచ్చి, ఇష్టమైతే తన వెంట రమ్మని పిలుస్తాడు. కథ అక్కడితో ముగుస్తుంది.

ఈ కథలో తాజుల్ ముల్క్ లేడు. తిరగబడిన సైనికులు లేరు. కోట గోడ గాని, కావలివాడు గాని కనిపించరు. ముగ్గురు సహచరులను దర్బారులోని శత్రువులకు మారుపేర్లుగా చదవటం సరికాదు. ఆత్మశక్తులను గురించి ఇబ్నె సీనా తన శాస్త్రగ్రంథాలలో చెప్పినదానికే ఇది కథారూపం. ఆశ్చర్యమంతా ఇక్కడే ఉంది. మనిషిని బంధించినవాడు బయట ఉన్నాడు. కథ వ్రాసేటప్పుడు ఆ మనిషి వెతికిన శత్రువు మాత్రం లోపల ఉన్నాడు. కోట తలుపు తెరుచుకోగానే తాజుల్ ముల్క్ పట్టు సడలుతుంది. కానీ అబద్ధం చెప్పే ఊహ, పగబట్టే క్రోధం, తృప్తి ఎరుగని కోరిక విడుదలైనవాని వెంటే బయటకు నడుస్తాయి. అన్యాయానికి గురైన మనిషికి తన నఫ్స్‌ను ప్రశ్నించుకోవటం అన్నిటికంటే కష్టమైన పని. పరుల తప్పు కళ్ళ ఎదుట ఉన్నప్పుడు తన తప్పు కనిపించదు. ఆ స్థితిలో ఉండి ఈ ప్రశ్న వేసుకోగలగటమే ఈ రచన గొప్పదనం.

అయితే దీని లోపాన్ని కూడా చెప్పుకోవాలి. కథలో వృద్ధుడే మాట్లాడతాడు, పట్టణవాసి దాదాపు వింటూనే ఉంటాడు. అతనికి దుఃఖం ఉన్నట్లు, రాత్రి నిద్ర పట్టనట్లు, ఇల్లు గుర్తుకు వచ్చినట్లు ఎక్కడా తెలియదు. కష్టంలో ఉన్న పాఠకుడు పట్టుకొని లేవటానికి ఇందులో ఊతం దొరకదు. తరువాతి రచయితలు ఈ కొరతను గ్రహించినట్లే కనిపిస్తుంది. అందలూసియాకు చెందిన ఇబ్నె తుఫైల్ (మరణం 1185) అదే పేరుతో వేరొక కథ వ్రాశాడు. అందులో నిర్జన ద్వీపంలో పసివానికి పాలిచ్చి పెంచిన లేడి చనిపోతుంది. ఆ తల్లిని కదలకుండా చేసిన లోపం ఏమిటో కనిపెట్టాలని బాలుడు దాని రొమ్ము తెరచి వెతుకుతాడు. తనను ప్రేమించినది ఈ దేహం కాదని, ఇందులోనుంచి వెళ్ళిపోయినదేదో ఉన్నదని గ్రహిస్తాడు. ఆత్మను గురించిన ఆలోచన అక్కడ ఒక అనాథ దుఃఖం నుండి పుడుతుంది. 1191లో హలబ్‌లో మరణశిక్షకు గురై ‘మఖ్తూల్’గా పేరుపడిన షిహాబుద్దీన్ సుహ్రవర్దీ, ఇబ్నె సీనా కథ చదివి, అది ఆగినచోట నుండి తన ‘పశ్చిమ ప్రవాస గాథ’ను మొదలుపెట్టాడు. అందులో అన్నదమ్ములిద్దరు సంకెళ్ళతో బావిలో పడి ఉంటారు. తండ్రి లేఖను హుద్‌హుద్ పక్షి తెస్తుంది. చెర, చీకటి, ఇంటిపై బెంగ ఇక్కడ పాఠకునికి అందుతాయి.

వీటన్నిటికీ ముందే దివ్య ఖుర్ఆన్ యూసుఫ్ (అ) వృత్తాంతం ద్వారా ఈ విషయంలో మార్గం చూపింది. అక్కడ బావి బావిగానే, చెరసాల చెరసాలగానే ఉన్నాయి. విడుదలైన తోటి ఖైదీ మరచిపోవటం, ఆయన మరికొన్ని సంవత్సరాలు చెరలోనే ఉండిపోవటం, తండ్రి కళ్ళు దుఃఖంతో తెల్లబడటం, ఏదీ దాచబడలేదు. రాజు పిలిచినా యూసుఫ్ (అ) వెంటనే బయటకు రాలేదు. తనపై మోపిన నింద విషయం ముందు విచారించమన్నారు. నిజం తేలింది. ఆ తరువాత సోదరులను క్షమించారు. గాయాన్ని కప్పిపెట్టటం ఆధ్యాత్మికతకు షరతు కాదని, నిజం పలకటమూ క్షమించటమూ ఒకే హృదయంలో ఇమిడి ఉండగలవని ఈ వృత్తాంతం తెలుపుతుంది. ఏ రచయిత కల్పననూ దైవవాణితో పోల్చరాదు. అయినా కథకునికి ఇంతకంటే ఉన్నతమైన ఆదర్శం లేదు.

ఇబ్నె సీనా తత్వ సిద్ధాంతాలన్నిటినీ అంగీకరించిన తరువాతనే ఈ కథ చదవాలన్న నియమమేమీ లేదు. లోకం అనాది అన్న వాదం, దైవజ్ఞానం, దేహంతో కూడిన పునరుత్థానం అన్న మూడు విషయాలలో ఇమామ్ గజాలీ తన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో తత్వవేత్తలను తీవ్రంగా ఖండించిన సంగతి ప్రసిద్ధమే. ఈ కథలో మార్గదర్శి అయిన వృద్ధుడు ప్రవక్త కాడు, తత్వవేత్తలు చెప్పే బుద్ధికి సంకేతం. వహీ వెలుగు లేకుండా ఆ బుద్ధి ఎంతదూరం తీసుకుపోగలదని విశ్వాసి అడగటం న్యాయమే. ఆ ప్రశ్నను ఉంచుకుంటూనే సహచరుల ఘట్టం నుండి మేలు పొందవచ్చు.

తెలుగులో ఇస్లామీయ భావంతో కథలు వ్రాయదలచినవారికి ఇందులో పనికివచ్చే పాఠం ఉంది. కష్టం వచ్చింది, దుఆ చేశాడు, మరునాడే కష్టం తీరింది అన్న వరుసలో సాగే కథ పాఠకుని మనసుకు ఎక్కదు. దుఆ చేసి ఏళ్ళు గడిచినా ఖర్జు తీరనివాడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ కథ చదివి తమ ఈమాన్‌లోనే ఏదో లోపమున్నదని కుమిలిపోతారు. సబ్ర్ విలువ ఫలితం వెంటనే దొరకటంలో లేదు. ఆ ఎదురుచూపులో మనిషి తన క్రోధాన్ని, తన ఊహలను, తన కోరికలను ఏం చేశాడన్నదే అసలు కథ. ఆ ముగ్గురు సహచరులను గుర్తించటం ఇబ్నె సీనా నుండి నేర్చుకోవచ్చు. వారితో వేగుతున్న మనిషి కన్నీటిని దాచనవసరం లేదని యూసుఫ్ (అ) గాథ నుండి గ్రహించాలి.