రూపం మారింది, పుట్టుక మారలేదు: ‘కళాపూర్ణోదయం’ చదివాక

మా నాయిన బొగ్గుబాయిలో ఫిల్లర్. నేను మంచిర్యాలలో డిగ్రీ చదివేటప్పుడు పింగళి సూరన పద్యాలు కొన్ని పాఠంగా వుండేవి. సారు ప్రతిపదార్థం చెప్పి, అలంకారం పేరు రాయించి ముందుకు పోయేవాడు. కథ మాత్రం మాదాకా రాలేదు. ఈ మధ్య ‘కళాపూర్ణోదయం’ మొత్తం చదివాను. వదలబుద్ధి కాలేదు. ఆ ఇష్టాన్ని దాచుకోకుండానే కొన్ని ప్రశ్నలు వేయదలిచాను.

16వ శతాబ్దపు ఈ కావ్యం నంద్యాల కృష్ణరాజుకు అంకితం. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’లో దీన్ని ఎత్తిపట్టాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ఇంగ్లీషు అనువాదం తెచ్చి దీన్ని నవల అన్నారు. కాదనలేం. సరస్వతితో సరసమాడుతూ బ్రహ్మ చెప్పిన కథే భూమ్మీద మనుషుల బతుకై నడుస్తుంది. ద్వారకలో వేశ్య కలభాషిణి నలకూబరుడి మీద మనసుపడి రంభ రూపం తెచ్చుకుంటుంది. గంధర్వుడు మణికంధరుడు నలకూబరుడి రూపం కడతాడు. ఇద్దరూ కలుస్తారు. ఎదుటివాళ్ళు అసలువాళ్ళే అనుకుంటారు. ప్రేమలో మనం ఎవరిని ప్రేమిస్తున్నామో మనకే తెలియదని ఇంత సరదాగా చెప్పిన కథ తెలుగులో ఇంకొకటి నేను చదవలేదు.

నాకు బాగా నచ్చింది శాలీనుడి కథ. నగలన్నీ పెట్టుకొని వచ్చిన భార్య సుగాత్రిని అతడు కన్నెత్తి చూడడు. ఆమె నగలు తీసిపెట్టి, అతడితోపాటు తోటపనిలో దిగి చెమటోడ్చినప్పుడు మనసిస్తాడు. చెమటను అందమన్న కవి సూరన. అయితే ఒకటి గమనించాలి. సుగాత్రి ఆ పని మొగుడి మీద ప్రేమతో ఎత్తుకున్నది. పని కాగానే నగలు మళ్ళీ పెట్టుకోగలదు. పొద్దు గడవడానికి ఇటుకలు మోసే ఆడమనిషి చెమటకు, షిఫ్టు దిగి బొగ్గు మొఖంతో ఇంటికొచ్చిన మా నాయిన చెమటకు ఈ శృంగారంలో చోటు లేదు. శ్రమ అందమైంది గానీ శ్రమ చేసే కులాలు కథలోకి రాలేదు.

అసలు సంగతి ఇంకోటుంది. ఈ కథలో మారనిదంటూ లేదనిపిస్తుంది. మణిస్తంభుడు ఆడదై, సుముఖాసత్తి మగవాడై కళాపూర్ణుణ్ణి కంటారు. అదే జన్మలో, అవే ప్రాణాలతో. ఆడా మగా హద్దునే చెరిపేసిన ఊహ అది. మరి కలభాషిణి? ఆమెను బలి ఇవ్వడానికి మృగేంద్రవాహన గుడికి తెస్తారు. ఆ జన్మ ముగిసి, మదాశయుడి కూతురు మధురలాలసగా పుట్టాకే ఆమె కళాపూర్ణుడి రాణి. మణికంధరుడు కూడా చచ్చి పుట్టాడు కదా అనొచ్చు. పుట్టాడు. గంధర్వుడు రాజయ్యాడు, అంతే. వేశ్య మాత్రం వేశ్యగా వుండి రాణి కాలేకపోయింది. లింగం మారడానికి ఒక వరం చాలు. పుట్టుక మారాలంటే మాత్రం చావాలి. మన పెద్దలకు తరతరాలుగా చెప్పిన మాట ఇదే కదా: ఈ జన్మకింతే, వచ్చే జన్మలో చూద్దాం!

అదే పురాణాల లోకాన్ని జాషువా కూడా వాడుకున్నాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో అంటరానివాడు శివుడికి తన బాధను గబ్బిలంతో చెప్పి పంపుతాడు. అదీ కల్పనే. అయితే అతడు ఇంకో జన్మ అడగడు. ఈ బతుకులోనే, ఈ ఒంటితోనే న్యాయం అడుగుతాడు. బ్రహ్మ చెప్పిన కథ ప్రకారం నడవనని మొండికేసిన మనిషి అతడు.

అందుకని సూరనను అవతల పారేయమనడం లేదు. పారేస్తే నష్టం మనకే. క్లాసులో చెప్పే టీచర్లు అలంకారం దగ్గర ఆగకుండా, ఈ కథలో ఎవరు ఏం మార్చుకోగలిగారు, ఎవరు చావాల్సి వచ్చింది అని పిల్లల్ని అడగాలి. మా పిల్లలు జవాబు చెప్తారు. వాళ్ళకది పుస్తకాల్లో నేర్చుకున్న సంగతి కాదు.