గొట్టపు పోలికకు అందని రసాయన చర్య: కర్రపెండలం పిండి, పాలిమర్ పరిభాష – ఒక విమర్శ

పెద్దాపురం పరిసర మెట్ట ప్రాంతంలో కర్రపెండలం సగ్గుబియ్యంగా మారే క్రమం సుపరిచితం. దుంపను తురిమి, పాలు తీసి, పేరుకున్న పిండిని గుళికలుగా చేసి, వేయించి ఆరబెడతారు. అదే పిండిని ప్లాస్టిక్‌లో కలపడానికి వాడే స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌ను తెలుగులో వివరించవలసి వచ్చినపుడు జంతికల గొట్టం పోలిక వెంటనే స్ఫురిస్తుంది. ఆ పోలిక ఎంతవరకు చెల్లుతుందన్నది పరిశీలించదగినది.

జంతికల గొట్టంలో మారేది ఆకారం మాత్రమే. రియాక్టివ్ ఎక్స్‌ట్రూషన్‌లో యంత్రపు గొట్టమే రసాయన పాత్ర. స్క్రూలు పదార్థాన్ని కరిగించి, కలిపి, ముందుకు నెట్టే కొద్ది నిమిషాల్లోనే చర్య ముగియాలి. పాలిథిలిన్‌కు మాలియిక్ అన్‌హైడ్రైడ్‌ను జోడించడం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. వేడికి పెరాక్సైడ్ విడిపోయి ఫ్రీ రాడికల్స్ ఏర్పడతాయి. అవి పాలిమర్ గొలుసు నుంచి హైడ్రోజన్‌ను లాగుతాయి. ఆ స్థానంలో అన్‌హైడ్రైడ్ చేరుతుంది. చేరక మిగిలినది ఆవిరిగా బయటికి పోతుంది. పెరాక్సైడ్ మోతాదు మించితే పాలిథిలిన్ గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. పాలిప్రొపిలిన్ గొలుసులైతే తెగుతాయి. గొట్టపు పోలికలో ఈ లాభానికీ చోటు లేదు, ఈ ప్రమాదానికీ చోటు లేదు.

దీనికన్నా మేలైన మాట ఆ సీమలోనే ఉంది. కడియం నర్సరీల్లో వాడే ‘అంటుకట్టడం’ ఈ చర్యకు చక్కగా అమరుతుంది: మూలకాండం నిలిచే ఉంటుంది, కొత్త గుణం చేరుతుంది. అయితే ఇక్కడ చేరేది పెరిగే కొమ్మ కాదు, చిన్న అణువు. నీటిని ఇష్టపడే పిండికీ, నీటిని దూరంపెట్టే పాలిథిలిన్‌కూ పొత్తు కుదరదు. అంటిన అన్‌హైడ్రైడ్ పిండిలోని హైడ్రాక్సిల్‌తో చర్య జరిపి, ఎస్టర్ బంధంతో రెంటినీ కలుపుతుంది.

పరిభాషలోని ఈ లోపం పరిభాషతో ఆగదు. ‘పిండితో చేసిన సంచి’ అన్న మాట వినగానే సంచి మొత్తం మట్టిలో కలిసిపోతుందన్న భావన కలుగుతుంది. పిండిని సూక్ష్మజీవులు తింటాయి. పాలిథిలిన్ ముక్కలై మిగులుతుంది. పిండితో బంధం కుదిరినంత మాత్రాన పాలిథిలిన్ స్వభావం మారదు. కంపోస్టు అయ్యే ప్లాస్టిక్‌కు వర్తించే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం ముడిసరుకు ఏ పంట నుంచి వచ్చిందని అడగదు. పదార్థం నిజంగా విచ్ఛిన్నమవుతుందా అని పరీక్షిస్తుంది.

కనుక ఈ అంశంపై తెలుగు రచన మూడు ప్రశ్నలకు సమాధానమివ్వాలి: దేనికి ఏది అంటింది, ఏ బంధంతో, చివరికి ఏది మిగిలింది? కర్రపెండలం రైతుకు కొత్త విపణి చూపదలచిన రచనకు ఈ స్పష్టత మరింత అవసరం. పొరపడిన పేరు మీద నిలిచిన గిరాకీ, పరీక్ష ముందు నిలవదు.